అర్ధరాత్రివరకు మాటలాడినవాడు

పఠన భాగము: అపొస్తలుల కార్యములు 20:7–12



త్రోయలోని మేడగదిలో పౌలు ప్రసంగము అర్ధరాత్రివరకు సాగెను. ఐతుకు అను యౌవనుడు కిటికీలో కూర్చుండి, నిద్రకు తాళలేక మూడవ అంతస్తునుండి క్రింద పడెను. పౌలు దిగివెళ్లి వానిని కౌగిలించుకొని, ప్రాణమున్నదని చెప్పి, మరల పైకెక్కి తెల్లవారువరకు మాటలాడెనట! ఇంత జరిగినను మాట ఆగలేదు. ప్రసంగము పావుగంట ఎక్కువైతే గడియారము చూచుకొను మనకు ఇది నవ్వు పుట్టించును. అయితే ఆ గదిలో ఎవరైనను పౌలునుబట్టి సిగ్గుపడినట్లు లూకా వ్రాయలేదు.

మేము ఈ భాగమును ఎత్తుకొనుటకు కారణమున్నది. మా సంఘములో ముప్పది యేండ్లు దాటిన యొక సహోదరుడున్నాడు. ఆయనకు ఆటిజము ఉన్నదని వైద్యులు చెప్పిరి. అది దయ్యము కాదు, అంటురోగము కాదు, తల్లి పెంపకములోని లోపము అంతకంటె కాదు. పుట్టుకతోనే వచ్చిన మనస్సు తీరు. ఇట్టివారిలో అనేకులకు ఏదో యొక విషయముమీద గాఢమైన ఆసక్తి యుండును. అది వారికి సంతోషము, కలవరములో విశ్రాంతి. ఈయనకు అది రైళ్లు.

గత వేసవిలో మా సంఘ పెద్ద యొకరు ప్రభువునందు నిద్రించిరి. విశాఖపట్నమునుండి కుమారుడు వచ్చి, తండ్రి దేహముయొద్ద నిలువబడి యేడ్చుచుండగా, మన సహోదరుడు దగ్గరకు పోయి, “ఏ బండికి వచ్చినావు?” అని అడిగెను. “గోదావరికి” అని అతడనెను. అంతే! 12727 నంబరు మొదలుకొని అనకాపల్లి, తుని, అన్నవరము, సామర్లకోట, రాజమండ్రి అని ఒక్కొక్క స్టేషను, బండి అక్కడ ఆగు నిమిషములతో సహా బిగ్గరగా చెప్పసాగెను. పడుచువారు నవ్విరి. మేము కంటితో సైగ చేసితిమి. కంటిసైగ గ్రహించుట ఇట్టివారికి కష్టమని అప్పుడు మాకు తెలియదు. చివరకు ఒకరు రెక్క పట్టుకొని ఆయనను బయటికి నడిపించిరి.

నాలుగు ఆదివారములు ఆయన గుడికి రాలేదు. తల్లిని అడుగగా, “ఆ రాత్రి అన్నము ముట్టలేదయ్యా. చావింట నవ్వులపాలైతిని, ఆ యింటివారిని సిగ్గుపరచితిని అని పదే పదే అనుచున్నాడు” అని చెప్పెను. ఆలస్యముగానైనను వారికి తెలియును. తెలిసినప్పుడు మనకంటె ఎక్కువగా నొచ్చుకొందురు.

పెండ్లింట కూర్చుండి పొలముగట్టు తగాదాను గంటసేపు వినిపించు పెద్దలను మనము ఎన్నడైన రెక్క పట్టి లేపితిమా?

అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అను ఆమె 1947లో ఆటిజముతో పుట్టెను. చెప్పినదే చెప్పుచున్నదని తోటిపిల్లలు ఆమెను టేపురికార్డరని గేలిచేసిరి. యౌవనములో బంధువుల పశువులశాలలో, టీకాలు వేయుటకు పశువును బిగించి నిలుపు చట్రమును చూచి, తన ఆందోళన తగ్గుటకు తనకొరకే అట్టిది చేసికొనెను. పెద్దలు కొందరు అది వింతయని మాన్పింపజూచిరి. ఒక ఉపాధ్యాయుడు మాత్రము ఆ ఆసక్తినే చదువువైపు త్రిప్పెను. తరువాత ఆమె పశుశాస్త్రములో ఆచార్యురాలై, పశువులు బెదరకుండ నడచు దారులను కల్పించెను. పశువులను మేపు మనకు ఆ మేలు అర్థమగును. అయితే మన సహోదరుడు ఇట్టి పేరు పొందకపోవచ్చును. అందువలన ఆయన విలువ తరుగదు. బలహీనములని మనమెంచు అవయవములే మరి అవశ్యమని పౌలు కొరింథీయులకు వ్రాసెను గదా.

ఆదరణ కూడికనాడు ఆ కుమారుడే మాతో ఒక మాట చెప్పెను. తాను ఊరికి వచ్చునప్పుడెల్ల తండ్రి ఈ సహోదరునియొద్దకే పోయి, బండి ఎన్నిగంటలకు చేరునని అడిగి తెలిసికొనెడివాడట. ఆ దినమున అడుగువాడు లేడు. ఈయన చెప్పవలసినది చెప్పెను. మేము తలవంచుకొంటిమి.

మరునాడు మేమిద్దరము ఆయన యింటికి పోయితిమి. జరిగినదానికి క్షమాపణ అడిగి, సైగలు మాని, సూటిగా మాటలాడితిమి. “ప్రార్థన జరుగునప్పుడు మౌనముగా నుండుము. ముగిసిన తరువాత మాతో బండ్ల సంగతి చెప్పుము. చాలించవలసినప్పుడు ‘ఇక చాలు తమ్ముడూ’ అని మేమే చెప్పెదము” అంటిమి. ఆయన కొంతసేపు నేలచూపుగా నుండి, “ఎన్ని నిమిషములు?” అని అడిగెను. “ఇరువది” అని కుమారుడు చెప్పి, తాను తిరిగిపోవు బండి ఎప్పుడని అడిగెను. సహోదరుడు గోడ గడియారము చూచి మొదలుపెట్టెను.