శిక్ష తీరినవానికి జామీను ఎవరు?

చెరసాల విధించు శిక్షకు గడువున్నది. గ్రామము విధించు శిక్షకు గడువు లేదు. ఇది న్యాయమా?

అనంతపురము చెంత రెడ్డిపల్లిలో ఓపెన్ ఎయిర్ జైలున్నది. మంచి నడవడిక గల ఖైదీలను నమ్మి, సర్కారు అచ్చట బయటి పొలములలో సేద్యము చేయించుచున్నది. అట్టివాడు శిక్ష తీరి మన లేపాక్షికి వచ్చినయెడల, వేరుసెనగ పెరికే కూలికైన పిలువక మనమే గోడ కట్టుదుమా?

"మరల దొంగిలించినయెడల?" అందురు. ఆ భయము అబద్ధము కాదు. నష్టపోయినవాని గాయమును చిన్నది కాదు. అయితే పౌలు ఒనేసిము నిమిత్తము ఫిలేమోనుకు వ్రాసినప్పుడు, అప్పు లేదనలేదు. దానిని తన లెక్కలో వేయుమనెను.

ప్రియులారా, జాలిమాట చాలదు. సంఘములో ఒకడైనను అతనికి జామీనుగా నిలిచి, పని చూపించి, నష్టము వచ్చినయెడల తానే భరించవలెను. క్రీస్తు మనకు చేసినది అదియే గదా!