తామారును పంపినది ఎవరు?

ధ్యాన భాగము: 2 సమూయేలు 13:1–22



ఈ అధ్యాయమును ఆరాధనలో చదువుటకు మనము సంకోచించుదుము. సండేస్కూలు పిల్లలకు గొల్యాతు కథ చెప్పుదుము గాని ఈ కథ చెప్పము. అయినను పరిశుద్ధ గ్రంథము దీనిని దాచలేదు. దావీదు గౌరవము నిలుపుటకై దావీదు ఇంట జరిగినదానిని మరుగుపరచలేదు.

మనము తొందరగా దాటిపోవు సంగతి యొకటి 7వ వచనములో నున్నది. తామారు తనంతట తాను అమ్నోను ఇంటికి పోలేదు. తండ్రియే కబురంపెను. అన్న రోగియై యున్నాడు, పోయి భోజనము సిద్ధపరచుమనెను. దావీదు చెడ్డ తలంపుతో పంపలేదు, నమ్మి పంపెను. యోనాదాబు నేర్పిన కపటోపాయమంతయు ఆ నమ్మికమీదనే కట్టబడినది. రోగము వేషము. రొట్టెలు నెపము. 9వ వచనములో అందరిని వెలుపలికి పంపివేయుటయే అసలు పని.

నేడు మన పల్లెల ఆడపిల్లలు కబడ్డీ, ఖోఖో ఆడుచున్నారు. మన పిల్లవాండ్రు పరుగు పందెములలో జిల్లాకు పోవుచున్నారు. సంతోషింపదగిన సంగతియే. కూలిచేసికొని బ్రదుకువారి బిడ్డకు ఆటవలన చదువు, ఉద్యోగము దొరకుటయు కలదు. అందుచేత ఆ బిడ్డను డ్రిల్లు మాస్టరుగారి చేతికో, కోచ్‌గారి చేతికో అప్పగించి, "అయ్యా, మీ బిడ్డే అనుకోండి, కొట్టి అయినా నేర్పండి" అని చెప్పి వచ్చెదము. ఈ మాట నేను ఎన్నిసార్లు వింటినో! సొంత జీతములోనుండి పిల్లలకు బూట్లు కొనిపెట్టు మంచి మాస్టర్లు ఉన్నారు, వారినిబట్టి దేవునికి స్తోత్రము. కాని ఆలోచింపుడి. జట్టులో చేర్చువాడు ఆయనే, తీసివేయువాడు ఆయనే, దెబ్బ తగిలిన కాలు పట్టి చూచువాడు ఆయనే, పొరుగూరి పోటీలకు వెంటబెట్టుకొని పోవువాడును ఆయనే. ఇంత అధికారము ఒక్క మనుష్యుని చేతిలో నుండగా, ఆయన మంచివాడే అయి యుండునని ఊరకుండుట దావీదు చేసిన పనియే.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున లారీ నాసర్ అను వైద్యుడుండెను. ఒక విశ్వవిద్యాలయములోను, జిమ్నాస్టిక్సు జాతీయ జట్టులోను పనిచేసినవాడు. ఒలింపిక్ పతకములు గెలిచిన బాలికలు సహితము వాని చేతిక్రింద నుండిరి. వైద్యమను నెపముతో వాడు సంవత్సరముల తరబడి బాలికలను లైంగికముగా హింసించెను. రేచల్ డెన్‌హాలండర్ అను ఆమె 2000 సంవత్సరములో, 15 ఏండ్ల వయస్సున, నొప్పికి వైద్యము కొరకు వానియొద్దకు పోయెను. అప్పుడు తల్లి అదే గదిలో నుండెను! తల్లికి కనబడకుండునట్లు వాడు అడ్డముగా నిలిచెను. 1997లోనే విశ్వవిద్యాలయపు శిక్షకురాలికి ఈ సంగతి చెప్పితినని మరియొక స్త్రీ తరువాత కోర్టులో సాక్ష్యమిచ్చెను. 1997 ఎక్కడ, వాడు పట్టుబడిన 2016 ఎక్కడ! నడుమ ఎందరు బిడ్డలు ఆ గదిలోనికి పంపబడిరో లెక్కింపుడి.

రేచల్ పెద్దదై, న్యాయవాదియై, 2016లో తాను దాచియుంచిన వైద్యపు కాగితములతో పోలీసులయొద్దకు పోయెను. పేరు దాచుకొనక పత్రికవారికి చెప్పెను. 2018 జనవరిలో ఏడు దినములు కోర్టులో 156 మంది వాంగ్మూలములు వినబడెను. అందరికంటె కడపట లేచినది ఆమెయే. నాసర్‌కు 40 మొదలు 175 సంవత్సరముల శిక్ష పడినది.

రేచల్ క్రీస్తును నమ్మినది. ఆ దినమున ఆమె వానితో పాపమునుగూర్చి, నిజమైన పశ్చాత్తాపమునుగూర్చి మాటలాడెను. తానును క్షమించుచున్నానని చెప్పెను. అదే నోటితో, చట్టము చూపు మిక్కిలి కఠినమైన శిక్ష విధింపుమని న్యాయాధిపతిని వేడుకొనెను. ఈ రెండును ఒక్క హృదయములోనుండి రావచ్చునని మన సంఘములు నేర్చుకొనవలసి యున్నది. మనలో ఏమి జరుగుచున్నది? పిల్ల ఏడ్చుచు వచ్చి చెప్పినప్పుడు, "క్షమించమ్మా, ప్రభువు క్షమించలేదా" అని పెద్దలు నోరు మూయుదురు. క్షమాపణ ఆ బిడ్డ దేవుని సన్నిధిలో తనకు తానుగా ఇయ్యవలసినది. పెద్దలు తమ పరువు కాపాడుకొనుటకై ఆమెయొద్దనుండి లాగుకొనుటకు అది కానుక పెట్టె కాదు. బాధితుల పక్షమున నిలిచినందుకు తన సంఘమునే పోగొట్టుకొంటినని రేచల్ ఆ కోర్టులోనే చెప్పెను. సంఘ పెద్దలమైన మనము ఈ మాట చదివి తల వంచుకొనవలెను.

ఇది దూరదేశపు కథ అనుకొనకుడి. 1990 ఆగస్టులో హర్యానాలోని పంచకులలో టెన్నిసు ఆడు 14 ఏండ్ల బాలికను అక్కడి టెన్నిసు సంఘాధ్యక్షుడే అవమానించెను. అతడు పోలీసు ఉన్నతాధికారియైన ఎస్.పి.ఎస్. రాథోడ్. ఫిర్యాదు చేసిన తరువాత, ఫీజు కట్టలేదను కారణముతో కాన్వెంటు బడివారు పిల్ల పేరు కొట్టివేసిరి. ఆ బిడ్డ 1993 డిసెంబరులో మరణించెను, తన ప్రాణము తానే తీసికొనినది. 2009లో రాథోడ్‌కు పడిన శిక్ష ఆరు నెలలు, వెయ్యి రూపాయల జరిమానా. 2010లో అది 18 నెలలు ఆయెను. 2016లో సుప్రీము కోర్టు నేరము నిలిపి, అప్పటికి అనుభవించిన శిక్ష చాలుననెను. అన్ని సంవత్సరములు ఆ వ్యాజ్యమును మోసినవారెవరు? ఆ పిల్ల స్నేహితురాలి తల్లిదండ్రులు. తమ కుమార్తె కన్నులార చూచిన సాక్షి గనుక వారు వెనుకకు తగ్గలేదు. పొరుగువాడనగా ఎవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి వీరిని చూపవచ్చును.

మగపిల్లలకు భయము లేదనుట అజ్ఞానము. ఇంగ్లండులో బారీ బెన్నెల్ అను ఫుట్‌బాలు శిక్షకునికి 2018లో 31 సంవత్సరముల శిక్ష పడినది. వాడు పాడుచేసినది మగపిల్లలనే. ఆండీ వుడ్‌వర్డ్ అను మాజీ ఆటగాడు 2016లో నోరు తెరచువరకు అనేకులు సిగ్గుచేత దాచుకొనియుండిరి.

మరల తామారు యొద్దకు వత్తము. ఆమె మౌనముగా నుండలేదు. తలమీద బూడిద పోసికొని, వస్త్రము చింపుకొని, కేకలు వేయుచు వీధిలో పోయెను. ఆమెను ఊరకుండుమన్నది ఆమెను ప్రేమించిన అన్న అబ్షాలోమే. రాజునకు సంగతి తెలిసెను, మిక్కిలి కోపము వచ్చెను (21వ వచనము). తరువాతి వచనములలో ఆ కోపము ఏ పనియు చేయలేదు. విచారణ లేదు, తీర్పు లేదు. రెండేండ్లు గడచిన పిమ్మట ఆ యింట కత్తి లేచెను.

మనకు తీర్పు కొరకు త్రోవ కలదు. 2012లో మన దేశమున పోక్సో చట్టము వచ్చినది. పదునెనిమిదేండ్లలోపు పిల్లలపై జరిగిన ఇట్టి నేరము తెలిసిన ప్రతివాడు పోలీసులకు తెలియజేయవలెను. తెలియజేయకున్న ఆరు నెలలవరకు జైలు కలదు. పాస్టరుకును, హాస్టలు వార్డెనుకును మినహాయింపు లేదు. సంఘ కమిటీలో రాజీ కుదుర్చుట చట్టము కాదు. పిల్ల వాంగ్మూలము ఇంటివద్దనే వ్రాసికొనవచ్చును; రాత్రివేళ పిల్లను ఠాణాలో ఉంచరాదు; ఆడపిల్లను పరీక్షించువారు స్త్రీ వైద్యులే కావలెను; పత్రికలలో పేరు వేయరాదు. 1098 నంబరుకు ఫోను చేసిన రాత్రియైనను పలుకుదురు. ఆ నంబరును గుడి గోడమీద, వాక్యముల ప్రక్కనే, పెద్ద అక్షరములతో వ్రాయింపుడి.

ఇక తల్లులారా, తండ్రులారా, ఈ నెలలో పోటీలకు పోవు బిడ్డ యుండినచో మాస్టరుగారిని మర్యాదగానే అడుగుడి: రాత్రి ఎక్కడ పండుకొందురు, ఆడపిల్లలతో ఏ టీచరమ్మ వచ్చుచున్నది, నొప్పికి మర్దన ఎవరు చేయుదురు, ఏ గదిలో, తలుపు తీసియుండునా. మంచి మాస్టరు ఈ ప్రశ్నలకు కోపగింపడు. బిడ్డ తిరిగి వచ్చినప్పుడు పతకము మాట తరువాత అడుగుడి. ముందు కూర్చుండబెట్టి అన్నము పెట్టుడి. అది ఏమి చెప్పినను మధ్యలో ఆపక వినుడి.