చదువు చోటు

చదువుకునే చోటు విద్యార్థి దినచర్యను, స్నేహాలను, ఖర్చును నిర్ణయిస్తుంది. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో మొదలైన ట్రిపుల్ ఐటీలు పది పాసైన పల్లె పిల్లలకు హాస్టల్ వసతితో ఆరేళ్ల చదువు చెబుతున్నాయి. అక్కడ తరగతి, మెస్, హాస్టల్ అన్నీ నడక దూరమే. రాత్రివేళ అంతుపట్టని లెక్కను పక్కగది మిత్రుడు చేసి చూపిస్తాడు. అయితే రోజూ అవే ముఖాలు, అదే ఆవరణ కొందరికి బెంగ పుట్టిస్తాయి. పెద్దాసుపత్రికైనా, ఇంటర్న్‌షిప్‌కైనా దూరం వెళ్లాలి.

ఇందుకు భిన్నంగా, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం విద్యార్థికి హైదరాబాద్ నగరమంతా అందుబాటులో ఉంటుంది. అఫ్జల్‌గంజ్ గ్రంథాలయం, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, రవీంద్రభారతి సభలు, కోచింగ్ సెంటర్లు, పార్ట్‌టైమ్ పనులు అక్కడ దొరుకుతాయి. హాస్టల్ సీటు రాకపోతే మాత్రం గది అద్దె, బస్సు ప్రయాణం డబ్బునూ సమయాన్నీ తినేస్తాయి.

ఏకాగ్రత, పొదుపు కోరేవారికి పల్లె ప్రాంగణం నప్పుతుంది. పరిచయాలు, అవకాశాలు వెతికేవారికి నగరం నప్పుతుంది. ఎంపికకు ముందు విద్యార్థి స్వభావాన్ని, ఇంటి స్తోమతను తల్లిదండ్రులు తూచి చూడాలి. చేరాక పల్లెలో విద్యార్థి మనసు విప్పి మాట్లాడగల పెద్దదిక్కును, నగరంలో చవకైన వసతిని కల్పించడం విద్యాసంస్థల బాధ్యత.