పిడికెడు కొర్రలు

మా యింట పొయ్యికి కుడిప్రక్క గోడగూటిలో నొక మట్టి గురిగి యుండెడిది. పొగకు నల్లబడి, అంచున నొక పెచ్చు లేచిపోయి, మూతకు బదులు చిన్న నాపరాతి బిళ్లను నెత్తిన పెట్టుకొని, అది యెన్ని యేండ్లుగ నచ్చట నున్నదో మా నాయనకును దెలియదు. ప్రొద్దు పొడువకముందే మా అవ్వ లేచి, ముఖము కడుగుకొని, పొయ్యి అలికి, ఎసరు పెట్టి, కొర్రలు చేటలో చెరిగి, కుండలో వేయబోవునప్పుడు ఒక్క పిడికెడు గింజలు వేరుగ దీసి, కన్నులు మూసికొని ఒకటి రెండు క్షణములు నిలిచి, వానిని గురిగిలో విడిచెడిది. గింజలు మట్టిమీద రాలిన ఆ సన్నని సవ్వడియే నాకు మేలుకొలుపు. వారమంతయు నట్లు చేరిన గింజలను ఆదివారమునాడు కొంగున ముడిచి గుడికి కొనిపోయి, బలిపీఠము మెట్టువద్ద నుంచిన గంపలో పోసెడిది. తెలుగు క్రైస్తవ సంఘములలో దీనిని పిడికెడు బియ్యపు కానుక యందురు. కడప సీమలోని మా సగిలేటి లోయలో ఆనాడు బియ్యము పండుగ పూట మాట; కనుక మాది పిడికెడు కొర్రలు, సంకటి చేసిన దినమున పిడికెడు జొన్నలు.

దేవునియందు ఆనందించుటను గూర్చియు, ఆయనను నమ్ముకొనుటను గూర్చియు నేను విన్న ప్రసంగములకు లెక్కలేదు. వానిలో మంచివి కొన్ని, నిద్ర తెప్పించినవి పెక్కు. ఆ బోధకులలో చాలమంది నమ్మికకును ఆనందమునకును నడుమ ఏదో బేరము కుదిరినట్లు, ఈ చేత నిచ్చి ఆ చేత పుచ్చుకొమ్మన్నట్లు మాటాడిరి. మెట్టసేద్యగాని కొడుకునకు ఆ బేరము రుచింపదు. మాకు ఏటికి సగటున 26, 27 అంగుళముల వాన. అదియు వచ్చిన వచ్చును, రాకున్న లేదు. వచ్చినను విత్తనము కుళ్లుటకో, కోసిన పంట తడియుటకో సరిగా వేళ చూచుకొని వచ్చును. ఇట్టి నేలపై బుట్టినవానికి, ఇచ్చినప్పుడు సంతోషించి ఇయ్యనప్పుడు మొగము ముడుచుకొనుటయే భక్తి యైనచో, బ్రతుకులో సగము భక్తికి సెలవులే.

మా వంశము క్రైస్తవులలో గలిసినది ధాత కరువు తరువాత. 1876లో వానలు తప్పి 1878 వరకు దక్షిణదేశమును పీడించిన ఆ కరువు మా సీమను ఎంత గట్టిగ గొట్టినదనగా, 1871లో 9 లక్షలకు పైబడియుండిన కర్నూలు జిల్లా జనసంఖ్య 1881 నాటికి 7 లక్షల లోపునకు దిగిపోయినది. దొరతనమువారి కరువుపనులలో రాళ్లు కొట్టిన మగవానికి, దొరతనమువారు కరువు చూడ పంపిన టెంపుల్ దొర బిగించిన లెక్క చొప్పున, దినమునకొక పౌను ధాన్యమును ఒక అణాయును కూలి. ఆ యేండ్ల వెనుకనే ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడు ప్రాంతములందు ఎస్.పి.జి. అను ఆంగ్లికను మిషను సంఘములలోనికిని, కడప, జమ్మలమడుగు ప్రక్కల లండను మిషను సంఘములలోనికిని, ఊరికి వెలుపలి పేటలనుండి జనము గుంపులు గుంపులుగ వచ్చి చేరిరి. అందువలన మాకొక బిరుదు దక్కినది: గంజికి మతము మార్చుకొన్నవారు. దీనిని నేను చిన్ననాట బడిలో వింటిని, పెద్దనాట ఆఫీసులోను వింటిని. ఈ మాట వచ్చుననియే కాబోలు, ఒంగోలులో అమెరికను బాప్టిస్టు మిషనరీయైన క్లౌ దొర బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో గుత్త పుచ్చుకొని వేలమందికి కూలి చూపించిన కాలమున బాప్తిస్మములను ఆపియుంచి, సహాయము నిలిచిపోయిన పిదపనే, 1878 జులై 3వ తేదీన, వెలంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మందికి ఇప్పించెను.

నేను మాత్రము ఆ నిందను త్రోసిపుచ్చుటకు తొందరపడను. ఆకలిగొన్నవాడు గంజివద్దకు వచ్చుట తప్పనుటకు కడుపు నిండియుండవలెను. నేనడుగునది యొక్కటే: గంజికి వచ్చినవారి యింట ఆ గురిగి యెట్లు వెలసినది? పుచ్చుకొనుటకు చాచిన చేయి, రెండు తరములు తిరుగకమునుపే, తన చేటనుండి తాను పిడికెడు దీసి వేరుగ నుంచుట యెక్కడ నేర్చినది?

ఈ ప్రశ్ననే నేను పదేండ్ల వయస్సున, ఇంట ఒక్కపూట మాత్రమే పొయ్యి వెలిగిన యేట, మరియొక విధముగ అవ్వను అడిగితిని.

"అవ్వా, మనకే ఒక పూట గంజి. అందులోది గూడా గురిగిలో ఎందుకేస్తావు?"

"మనకే చాల్లేదంటే, లేనోళ్లకు ఎట్ల చాల్తాదిరా నాయనా?"

సారెపతు విధవరాలి కథ ఆమెకు తెలియకపోలేదు; కరువునాట కడపటి పిండిని తన బిడ్డకంటె ముందుగ ప్రవక్తకు రొట్టె చేసి పెట్టిన ఆ యిల్లాలి వృత్తాంతమును నాకు పదిమార్లు చెప్పినది. కాని ఆనాడు దానిని ఎత్తలేదు. ఇచ్చినచో దేవుడు మరల నింపునన్న మాట ఆమె నోట రాలేదు. ఆమె లెక్కలో దేవునికిని తనకును నడుమ పద్దు పుస్తకమే లేదు.

అవ్వకు అక్షరములు రావు గనుక ఉదయప్రార్థనలో చదువు నా వంతు. మాది ఆంగ్లికను ఆచారము. ప్రార్థన పుస్తకములో 150 కీర్తనలను నెలకు ముప్పది దినములుగ, దినమునకు ఉదయ సాయంకాలములుగ పంచియుందురు. మనస్సున కేది నచ్చునో దానిని చదువుట గాదు, తేదీ చెప్పినదానిని చదువవలెను. అందుచేత పెండ్లివారింట ఏడ్పు కీర్తనయు, శవము లేచిన యింట తాళములు మ్రోగు కీర్తనయు వచ్చి పడుచుండును. ఇది మొదట నాకు మొరటుగ దోచినది. తరువాత నొకనాడు 12వ తేదీ పాఠములను గమనించితిని. ఆ యుదయమున వచ్చు 63వ కీర్తన, దావీదు యూదా అరణ్యములో నీరులేని నేలమీద దప్పిగొని పాడినది. ఆ సాయంకాలమే వచ్చు 65వ కీర్తన, దున్నిన చాళ్లు తడిసి పచ్చికబయళ్లు పొంగిన సంతోషము. ఈ రెంటికిని నడుమ ఒక పగటి పని. ఆ పుస్తకమును కూర్చిన ఆంగ్లేయుడు మా యెండలను ఎరుగడు. ఐనను ఆ యమరిక సరిగా మా బ్రతుకునకే యమర్చినట్లున్నది.

తేదీ చూచుకొని ప్రార్థించుట యంత్రము తిరిగినట్లుండదా యని యడుగువారుందురు. ఆ యడుగువారిలో వేమన్నయు నొకడు. 1820లో కడపకు ఉద్యోగమునకు వచ్చిన బ్రౌను దొర తరువాత ప్రోగుచేసి 1829లో అచ్చొత్తించిన ఆయన పద్యములు, మనస్సు లేని తంతులను నవ్వి నవ్వి చంపును. వేమన్న నవ్వు న్యాయమే. కాని అదే కడప సీమలో, రాజంపేట చేరువ తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య, పదునారవ యేటనుండి 1503లో కన్నుమూయువరకు దినమునకొక్క సంకీర్తనకు తక్కువగాకుండ చెప్పెనని తిరుమల రాగిరేకులు చెప్పుచున్నవి. ఆయనకు అన్ని దినములును పాట పొంగిన దినములే యని నేననుకొనను. తలనొప్పి దినములుండియుండును, ఇంట పోరు దినములుండియుండును. పొంగునకై కనిపెట్టుకొని కూర్చున్నచో ఆ వేల పాటలు పుట్టియుండవు. ప్యారిసు మఠములో వంటశాల చాకిరిచేయుచు, గిన్నెల నడుమనే దేవుని సన్నిధిని అలవాటు చేసికొన్న లారెన్సు సహోదరుడు 1691లో మరణించినాడు. ఆయన మాటలను పుస్తకముగ జదివినప్పుడు, ఇది మా అవ్వ పొయ్యికడ నెరిగినదే గదా యనిపించినది. అన్నమయ్య దేవుడు వేరు, అవ్వ దేవుడు వేరు అందురేమో. దినము తప్పనీయని ఆ పట్టుదలలో మాత్రము వారిరువురును ఒక్క జిల్లావారే.

నేనును ఒకసారి దినము తప్పించితిని. పదునారేండ్ల వయస్సున నుండగా, నాయన అప్పు తెచ్చి బావి త్రవ్వించెను. నాలుగు మట్ల లోతున బండ పడినది. మందు పెట్టి పేల్చినను చెమ్మ కానరాలేదు. కపిల తోలవలసిన యెడ్లు సంతకు బోయినవి. క్రొత్తగ కుట్టించిన తోలుబాన దూలమునకు వ్రేలాడుచు, ఎండి, గాలికి డొక్కుడొక్కుమని చప్పుడుచేయుచుండెను. ఆ నెల 17వ తేదీ తెల్లవారున అవ్వ లేపగా, నేను గొంగళి ముసుగు తీయక, ఇక చదువనని చెప్పితిని. అవ్వ బ్రతిమాలలేదు, తిట్టలేదు. దీపము దగ్గర కూర్చుండి తనకు కంఠస్థమైన కాపరి కీర్తనను తానే మొదలుపెట్టినది. నాలుగు మాటలు సరిగనే నడిచినవి. అంతట, వేసవిలో మా గొర్రెలవాండ్లు మందలను నల్లమలకు తోలినట్లు, ఆమె కాపరియు తిన్నగ 121వ కీర్తనలోని కొండలలోనికి పోయి, అచ్చటనుండి దారి తెలియక, మరల మొదటికి వచ్చి, మరల కొండలలోనికే పోయెను. మూడవ మారు నాకు సహింపరాక పోయినది.

"అది గాదవ్వా!"

"గాకుంటే ఏందో నువ్వే జెప్పు."

లేచితిని. కీర్తనను సరిచేసి చెప్పి, పుస్తకము తెరచిన పిదప ఆనాటి పాఠమును విడుచుటకు మనస్సొప్పక చదివితిని. 17వ తేదీ ఉదయభాగములో కడపటిది 88వ కీర్తన. కీర్తనలలో నింతకంటె చీకటి కీర్తన లేదు. తక్కినవానిలో పెక్కు ఎంత ఏడ్చినను చివరకు కన్నీరు తుడుచుకొనును, ఇది చీకటిలోనే యాగును. నేను ముసుగులో దాచుకొన్న కోపమంతయు అచ్చు అక్షరములలో, సంఘమంతయు నెలకొకమారు చదువవలసిన పాఠములో, నాకంటె ముందుగనే యుండుట చూచి విభ్రాంతుడనైతిని. అలిగినవాడు మాట మానుకొనును. నమ్మినవాడే ఎదుట నిలిచి నిష్ఠూరమాడును. ఆ కీర్తనకారుడు నిష్ఠూరమాడినాడు. అవ్వ కాపరి నిజముగ దారి తప్పెనో, కావలెననియే తప్పించెనో నాకిప్పటికిని దెలియదు, అడుగలేదు.

ఆనాడు నాకు ఆనందమేదియు గలుగలేదు. వాన స్వాతి కార్తెలో వచ్చినది. కొర్రకు పనికిరాలేదు గాని ఉలవలు చల్లుకొంటిమి. ఆనందము సంగతి నాకు బోధపడినది చాలకాలము తరువాత, ఒక రేగడి చేని గట్టుమీద. మా రేగడి భూమి వానాకాలపు పదునును లోపల దాచుకొని, చలికాలమున చుక్క వాన లేకున్నను మంచుతోనే జొన్నను పండించును. పైన నెరియలు విచ్చి, చేయి పెట్టిన గరుకుమనును. జానెడు లోతు త్రవ్విన మన్ను ముద్దయగును. ఆ పదును ఆవిరిగాకుండ రైతు చేయునది యొక్కటే: గుంటక తోలుట. గుంటక వానను దేదు. నెరియలను పూడ్చి, పైమన్నును పొడిచేసి, ఉన్న తడిని ఉండనిచ్చును. తోలక నాలుగు వారములు విడిచిన చేను పగిలి, లోతడి యంతయు ఎగిరిపోవును. అనుదిన ప్రార్థన యనగా నాకిప్పుడు ఈ గుంటకయే జ్ఞప్తికి వచ్చును. ఆనందమనగా వాన గాదు, ఆ పదును. అవ్వ పిడికిలితో కన్నులు మూసికొని నిలిచినప్పుడు ఆమె ముఖమున నేను చూచినది నవ్వు గాదు, ఉత్సాహమును గాదు. గొర్రు వెనుక నడచుచు, మబ్బు లేని యాకసము క్రింద, జడ్డిగములో గింజలు విడుచునప్పుడును ఆమె ముఖము సరిగా నట్లే యుండెడిది. అదే పిడికిలి, అదే విడుపు.

హబక్కూకు ప్రవక్త తన చిన్న గ్రంథము చివర, చెట్టు పూయక, చేను పండక, దొడ్లు వట్టివైనను తాను దేవునియందు ఉల్లసింతునని చెప్పిన భాగమును మా సంఘమున కోతపండుగనాడు చదువుట నేను రెండు మూడు పర్యాయములు వింటిని. అత్తిచెట్లును ఒలీవలును మాకు తెలియవు. దొడ్డి వట్టిదగుట తెలియును. అట్టి యొక కోతపండుగకు, బలిపీఠమెదుట గుమ్మడికాయలు, కోళ్లు, చింతపండు, పిడికెడు కానుకల గంపలు పేర్చియుండగా, ఒక ముసలాయన వేరుశనగ మొక్క నొకదానిని వేళ్లతో పెరికి తెచ్చి వాని నడుమ నుంచెను. దానికి ఒక్క కాయ లేదు. కొందరు పిల్లలు నవ్విరి, పెద్దలు నవ్వలేదు. ఆరాధన యైన పిదప వేలముపాటలో కోళ్లు, గుమ్మడికాయలు పోగా ఆ మొక్క మిగిలినది. అయ్యగారు దానిని అర్ధరూపాయికి తామే పాడుకొని, ఇంటికి కొనిపోయి, వాకిట గోడకు వ్రేలాడదీసిరి. అది అచ్చట చాలకాల ముండెను.

అవ్వ పోయి ఇప్పటికి ఏబది యేండ్లు దాటినవి. కొర్రలు ఇప్పుడు చక్కెరజబ్బువారి పథ్యమై, పట్నపు అంగళ్లలో బియ్యముకంటె ప్రియముగ అమ్ముడుపోవుచున్నవి. మా యింట వండునది సోనామసూరి. గురిగి మాత్రము అదే. నాపరాతి బిళ్ల పోయినది గనుక స్టీలు మూత పెట్టినారు. మా కోడలు గ్యాసు పొయ్యి వెలిగించుటకు ముందు అందులో పిడికెడు బియ్యము వేయును. ఆమె పిడికిలి అవ్వ పిడికిలికంటె చిన్నది. ఈ తెల్లవారున మూత తీసి చూచితిని. సగమునకు పైగ నిండినది. ఆదివారమునకు ఇంక మూడు దినములున్నవి.