గొంతు ఎవరిది?

మొన్న మధ్యాహ్నం ఫోన్ మోగింది. చేతులనిండా శనగపిండి, కళ్ళజోడు ఎక్కడో పెట్టాను. పేరు చూసుకోకుండానే ఎత్తాను. "అత్తయ్యా, భోజనమైందా?" అంది అవతలి గొంతు. "ఏరా అబ్బాయ్, ఎన్నాళ్ళకి!" అనేశాను. మాట జారాక గాని ఎవరితో మాట్లాడుతున్నానో తెలియలేదు. అవతల కాసేపు నిశ్శబ్దం. తరువాత "ఫర్వాలేదులే అత్తయ్యా" అంది మా అన్నయ్య కూతురు.

కూతురు అని రాయడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా కొడుకనే అనుకున్నాం అందరం. ఇప్పుడు చీర కట్టుకుని వెళ్తే ఎవరూ తిరిగి చూడరు. నోరు విప్పిందా, బస్సులో తలలన్నీ ఇటే తిరుగుతాయి. బ్యాంకుకి ఫోన్ చేస్తే, "ఇది ఆడవాళ్ళ పేరున ఉన్న ఖాతా అండీ, ఆవిడచేతే మాట్లాడించండి" అని పెట్టేశారట. తన పేరు తను చెప్పుకున్నా అబద్ధమే!

అందుకని గొంతుకి ఆపరేషన్ చేయించుకుంటానంది. ఆ సంగతి చెప్పడానికే ఫోన్ చేసింది.

"హార్మోను మందులు వాడుతున్నావుగా, గొంతు మారదా?" అన్నాను తెలియక. మారదట. ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతకదలిచిన వాళ్ళకైతే మగ హార్మోనుతో గొంతు దానంతటదే దిగుతుంది. వీళ్ళకు ఆ సదుపాయం లేదు. పదమూడు పద్నాలుగేళ్ళప్పుడు ఒకసారి సాగిన స్వరతంత్రులు ఏ మాత్రకీ కురచ కావు. మాట్లాడేటప్పుడు మగవాళ్ళవి సెకనుకి సుమారు 120 సార్లు కంపిస్తే మనవి 200 సార్లు. వీణ తీగె లాంటిదే, నిడివి తగ్గితే శృతి పెరుగుతుంది. జర్మన్ వైద్యుడు వెండ్లర్ చూపిన పద్ధతిలో, నోట్లోంచే పరికరాలు పంపి, తంత్రుల ముందు భాగాన్ని కలిపి కుట్టేస్తారు. ఆపైన కొన్నాళ్ళు మౌనవ్రతం. తరువాత మళ్ళీ మాట్లాడటం సాధన చెయ్యాలి. ఆడగొంతంటే శృతి ఒక్కటే కాదుగా, విరుపూ, సాగదీతా, ఊపిరీ ఎన్నో ఉన్నాయి. కొందరికి కత్తి అవసరం లేకుండా ఆ సాధనే సరిపోతుంది. ఈ పిల్లా రెండేళ్ళు చేసింది. సాయంత్రమయ్యేసరికి అలసిపోయి పాత గొంతు బయటపడుతుందట. "తుమ్మితే చాలత్తయ్యా, దొరికిపోతాను" అని నవ్వింది.

ఆ రాత్రి వదిన ఫోన్ చేసి ఏడ్చింది. "దేవుడిచ్చిన గొంతు కోయించుకుంటుందిటమ్మా" అంది. అసలు దుఃఖం అది కాదని నాకు తెలుసు. ఆ పిల్ల చక్కగా పాడుతుంది. వదిన ఒళ్ళో కూచుని సరళీస్వరాలు నేర్చుకున్న గొంతు. కింది పంచమం మీద నిలిస్తే ఇల్లంతా నిండేది. ఆపరేషనైతే ఆ కింది స్వరాలు పోతాయి. గొంతులో బలం తగ్గవచ్చు, జీర రావచ్చు, కోరుకున్నంత మారకనూ పోవచ్చు. ఇవన్నీ డాక్టరుగారే ముందుగా చెప్పారు.

దేవుడి మాట నేను ఒప్పుకోను. గొంతు శృతి పెంచడానికీ, తగ్గించడానికీ కూడా శస్త్రచికిత్సలున్నాయని జపాన్ వైద్యుడు ఇషికి 1974లోనే వివరించాడు. మీసాలొచ్చినా గొంతు కీచుగానే ఉండిపోయిన కుర్రాడికి శృతి తగ్గిస్తామంటే ఏ ఇంట్లో ధర్మచర్చ జరుగుతుంది చెప్పండి? పెళ్ళిచూపుల లోపల కానిచ్చెయ్యమంటారు. మా నాయనమ్మ స్థానం నరసింహారావుగారి సత్యభామను చూసొచ్చి ముప్ఫై ఏళ్ళు చెప్పుకుంది. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. వేదిక మీద మగవాడు ఆడగొంతు పలికితే కళ. వీధిలో ఓ ఆడమనిషి తనకో ఆడగొంతు కావాలంటే మాత్రం మోసం!

మనమైనా పుట్టినప్పటి గొంతుతో ఉన్నామా? "ఆడపిల్లవి, వీధిలోకి వినపడుతోంది, తగ్గించు" అని మా నాన్నగారన్నప్పుడు నాకు పదేళ్ళు. తగ్గించాను. ఇప్పటికీ అదే నా గొంతు.

కానీ ఆ పాట దగ్గరే నా వాదన ఆగిపోయింది. దారినపోయేవాళ్ళ చెవుల కోసం అంత మంచి గొంతు పోగొట్టుకోవాలా? మారవలసింది మన చెవులు కదూ? ఎవరు తమను ఏమని చెప్పుకుంటే అదే వాళ్ళ లింగమనీ, అందుకు ఆపరేషన్ షరతు పెట్టకూడదనీ 2014లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మర్నాడు నేనే ఫోన్ చేసి ఇదంతా అన్నాను. చాలా బాగా చెప్పాననుకున్నాను కూడా.

"నిజమే అత్తయ్యా. అందరి చెవులూ మారేదాకా నన్ను నోరు మూసుకుని ఉండమంటావా?" అంది. కాసేపాగి, "అమ్మకు నా పాట ఇష్టం. పాడుతుంటే నాకు మాత్రం ఎవరో వేరేవాళ్ళు పాడుతున్నట్టుంటుంది" అంది.

నేనింకేం మాట్లాడను? ముందురోజు 'ఏరా అబ్బాయ్' అన్నది నేనేగా.

వచ్చే నెలకి ఆపరేషన్ ఖాయమైంది. ఈలోగా నాలుగు కీర్తనలు పాడితే ఫోనులో రికార్డు చేసుకుంటానని వదిన అడిగింది. పిల్ల ఒప్పుకుంది. తను ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం పెట్టుకోవద్దంది.