అక్షరమునకు తగిన కూలి

చదువుకొనిన మన యౌవనస్థులలో కొందరు ఇప్పుడు ఇంటియొద్దనే కూర్చుండి, ల్యాప్‌టాప్ మీద ఇంగ్లీషు వ్యాసములు వ్రాసి, పట్టణములలోని కంపెనీలకును పరదేశపు వారికిని అమ్ముచున్నారు. దీనిని ఫ్రీలాన్సు పని యందురు. నెలజీతము లేదు, యజమాని ముఖము కనబడదు, మాటకు ఇన్ని పైసలని లెక్క. ఇది చేయదగిన పనియా, లేక కాలము వ్యర్థపరచుటయా అని వారును వారి తలిదండ్రులును అడుగుచున్నారు. “ఆ పెట్టె ముందు రాత్రింబగళ్లు కూర్చుండి ఏమి సంపాదించుచున్నావురా?” అని తండ్రి అనును. “ఊరక ఉన్నదానికంటె నయము గదా, నాన్నా” అని కుమారుడు అనును. ఇద్దరి మాటలోను కొంత సత్యము గలదు. కావున ఈ ప్రశ్నను నెమ్మదిగా ఆలోచింతము.

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పెను (లూకా 14). ఈ పనిలో దిగిన అనేకులు ఆ లెక్క చూచుకొనరు. ఒక ఉదాహరణము తీసికొందము. మాటకు 25 పైసల చొప్పున 1,000 మాటల వ్యాసమునకు 250 రూపాయలు. గంటలో అన్ని మాటలు టైపు చేయగలవాడు, గంటకు 250 రూపాయలు వచ్చినట్లేనని సంతోషించును. కాని విషయము వెదకి చదువుటకు రెండు గంటలు, వ్రాయుటకు రెండు గంటలు, వారు అడిగిన దిద్దుబాట్లకు ఒక గంట, మరియొక పని కొరకు దరఖాస్తులు పంపుటకు ఒక గంట పట్టిన, మొత్తము ఆరు గంటలు. మధ్యనున్న సంస్థ నూటికి 10 చొప్పున కమీషను తీసికొనిన, చేతికి వచ్చునది 225 రూపాయలు. అనగా గంటకు 37 రూపాయల 50 పైసలు. ఎనిమిది గంటలు శ్రమపడినను 300 రూపాయలే. కరెంటు, ఇంటర్నెట్ ఖర్చులు అందులోనుండియే పోవలెను. 2025–26 సంవత్సరమునకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ఉపాధి హామీ పనికి నిర్ణయించిన దినకూలి 307 రూపాయలు. మట్టిపని తక్కువదని మేము చెప్పుట లేదు. తాను గంటకు ఎంత సంపాదించుచున్నాడో ఎరుగక సంతోషించుట మంచిది కాదని మాత్రమే చెప్పుచున్నాము.

అయితే కూలి తక్కువైన ప్రతి పనియు విడువదగినదేనా? అట్లనరాదు. మన ఊరి దర్జీయొద్ద పని నేర్చుకొనవచ్చిన కుర్రవాడు మొదట కాజాలు కుట్టును, గుండీలు వేయును. వానికి దొరకునది స్వల్పమే. అయినను కొన్నాళ్లకు కత్తిరింపు నేర్చుకొనును. పిమ్మట తన మిషను తాను పెట్టుకొనును. ఐదేండ్లయినను కాజాలే కుట్టుచుండిన యెడల అది నేర్చుకొనుట కాదు, చౌకగా వాడబడుట. వ్రాతపనియు అట్టిదే. తప్పులు చూపి దిద్దువాడున్నాడా? నిరుటికంటె ఈ ఏడు మన వ్రాత బాగుపడెనా? ధర పెరిగెనా? అవునని చెప్పగలిగిన, తక్కువ కూలిని కొంతకాలము ఓర్చుకొనవచ్చును. ఆ కొంతకాలమునకు హద్దు మాత్రము ముందే పెట్టుకొనవలెను. ఆరు నెలలని అనుకొనిన ఆరు నెలలే.

ఇంకొక సంగతి గలదు. వ్రాయుచున్నదేమి? అమెరికాలో 2006లో ఆరంభమైన డిమాండ్ మీడియా అను సంస్థ, జనులు ఇంటర్నెట్‌లో దేనిని వెదకుచున్నారో కనిపెట్టి, ఆ విషయములపై వేలకొలది వ్యాసములు వ్రాయించెను. వ్యాసమునకు సుమారు 15 డాలర్లు ఇచ్చెడిది. చదువరికి మేలు కలిగెనా అనుదానికంటె ప్రకటనల ఆదాయమే అచ్చట ముఖ్యమాయెను. 2011లో గూగుల్ తన వెదకు పద్ధతిని మార్చి, పసలేని పుటలను వెనుకకు నెట్టినప్పుడు ఆ వ్యాపారము దెబ్బతినెను. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత, అక్కడక్కడ ఏరి కూర్చిన అట్టి వ్రాతను యంత్రమే క్షణములో వ్రాసిపెట్టుచున్నది. ఇక మనుష్యుని వ్రాతకు విలువ ఎక్కడ? తాను చూచినదానిలో, పోయి అడిగి తెలిసికొనినదానిలో, నిజమో కాదో విచారించినదానిలో నున్నది. 2021లో మిరపతోటలపై తామరపురుగు పడినప్పుడు రైతు ఎన్నిసార్లు మందు కొట్టెనో, ఎంత అప్పు చేసెనో, గట్టుమీద నిలిచి అడిగినవాడు వ్రాయగలడు. అట్టి వ్రాతను, రెండు భాషలు చక్కగా ఎరిగినవాని అనువాదమును, చౌకగా అమ్ముకొననక్కర లేదు.

పౌలు రోమీయులకు పంపిన పత్రికను చేతితో వ్రాసినవాడు తెర్తియు. పదునారవ అధ్యాయములో అతడు తన పేరు చెప్పుకొని వందనములు తెలిపెను. మన పేరు అచ్చుపడకపోయినను, ‘ఇది నేనే వ్రాసితిని’ అని తల్లిదండ్రులయెదుట చెప్పగలమా? ఎరుగని రోగమునకు ఎరుగని వైద్యము వ్రాసి, కొనని వస్తువును మెచ్చుకొని వ్రాసినవాడు ఆ మాట చెప్పలేడు. అట్టి పనికి ఎంత కూలి ఇచ్చినను అది తక్కువే.

ఇక పని ఇచ్చువారి మాట. ద్రాక్షతోట యజమానుడు సాయంకాలము సంతవీధిలో నిలిచియున్నవారిని చూచెను (మత్తయి 20). దినమంతయు పని దొరకనివారు ఎంత తక్కువకైనను వచ్చియుందురు. అతడు వారి అక్కరను చూచి ధర తగ్గింపలేదు. ఒక దినపు కూలియైన దేనారము నిండుగా ఇచ్చెను. నేడు ఇంటర్నెట్ సంతలో దీనికి విరుద్ధము జరుగుచున్నది. మన పల్లెలోని కుర్రవాడును, ఫిలిప్పీన్సులోని తల్లియు, కెన్యాలోని విద్యార్థియు ఒకే పనికి పోటీపడుదురు. ఎవరి అక్కర పెద్దదో వారి ధర చిన్నదగును. ఇల్లు గడవనివాడు తక్కువకు ఒప్పుకొనుట దోషము కాదు. వాని అక్కరను చూచి కూలి కోయుటయే దోషము.

సంఘములును దీనిని ఆలోచింపవలెను. జూబిలీ పండుగకు మైకువానికిని షామియానావానికిని బేరమాడియైనను డబ్బు చెల్లింతురు. జూబిలీ సంచికను నెలదినములు కూర్చుండి వ్రాసి, దిద్ది, అనువదించినవానికి దండవేసి పంపుదురు. తానై ఇచ్చిన సేవ శ్రేష్ఠమైనదే. కాని అడుగుటకు సిగ్గుపడువానియొద్ద ఉచితముగా తీసికొనుట సేవ కాదు.

తండ్రులారా, బిడ్డ ముందర ఆ పెట్టె ఉన్నంతమాత్రమున సోమరియని తలంపకుడి. కూర్చుండి అతనితో కూడ లెక్క చూడుడి. యౌవనులారా, పని చేసిన గంటలన్నియు ఒక నోటుబుక్కులో వ్రాసికొనుడి. ఆరు నెలల చివర కూలి దినకూలికి చేరక, చేతికి నేర్పును రాక, వ్రాసినదానిని మనదని చెప్పుకొనలేకపోయిన యెడల, ఆ పనిని విడిచిపెట్టుటకు వెనుదీయకుడి. పోయిన డబ్బు మరల వచ్చును; పోయిన దినము రాదు.