అమ్ముడుపోయేది ఎవరి నమ్మకం?

వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్న మా గేరోళ్ళకు అచ్చక్షరమంటే భయమూ ఉంది, నమ్మకమూ ఉంది. 'పేపర్లో పడింది' అంటే ఇంక దానికి సాక్ష్యం అక్కర్లేదు.

2009 ఎన్నికలప్పుడు నేను కర్నూలులో డిగ్రీ చదువుతా ఉంటి. ఊరికి పోతే పేపరు చదివి వినిపించేది నా పని. ఒకే పేజీలో ఇద్దరు అభ్యర్థులకూ బ్రహ్మరథం, ఇద్దరికీ గెలుపు ఖాయం. మా నాయన విని, "ఒగటే సీటుకు ఇద్దరెట్ల గెలుస్తార్రా? ఇది పేపరోళ్ళు రాసినారా, దుడ్లిచ్చి రాయించుకున్నారా?" అన్నాడు.

పశ్చిమ గోదావరి జిల్లాలో సర్వే చేసి జర్నలిస్టుల యూనియనే ఈ బేరాన్ని బయటపెట్టింది. ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి ఉన్నారు. వాళ్ళు పత్రికల పేర్లతో సహా 2010లో నివేదిక ఇస్తే, కౌన్సిల్ దాన్ని కుదించి విడుదల చేసింది. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించినాకే పూర్తి నివేదిక జనానికి దక్కింది.

ప్రకటన తప్పు కాదు. కింద 'ప్రకటన' అని ఉంటే అది సంతలో సరుకు అమ్ముకునేవాని కేక. వినాలో వద్దో మన ఇష్టం. ఆ ఒక్క మాట దాచితేనే మోసం. అప్పుడు అమ్మేది కాగితంలో జాగా కాదు, చదివేవాని నమ్మకం. అది యజమాని సొత్తు ఎట్లయితుంది?

ఎన్నికలొస్తే 'ఐదు వందలకు ఓటమ్ముకుంటారు' అని మా గేరిని చూపించి నీతులు చెప్పేవాళ్ళున్నారు. ఓటు అమ్మకాన్ని నేను సమర్థించను. కానీ కరువుకు వలసపోయే కూలోడు తన సొంత ఓటు అమ్మితే నేరం, లక్షలమంది నమ్మకాన్ని ప్యాకేజీ కట్టి అమ్మితే వ్యాపారమా? పెయిడ్ న్యూస్ ఖర్చు లెక్కలో చూపలేదని ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌ను 2011లో ఎన్నికల సంఘం మూడేళ్ళు అనర్హురాలిని చేసింది. అమ్మిన పత్రికలను మందలించడం తప్ప ప్రెస్ కౌన్సిల్‌కు వేరే అధికారమే లేదు.

1920లో అంబేడ్కర్ మూక్‌నాయక్ పెట్టినప్పుడు, డబ్బులిస్తామన్నా కేసరి పత్రిక దాని ప్రకటన వేయలేదు. మా దుడ్లకు ప్రకటన జాగా కూడా దొరకలేదు. వాళ్ళ దుడ్లకు వార్త జాగానే దొరుకుతుంది.

ఇప్పుడు నేను కడప జిల్లాలో పంతులుని. మా బడి పక్క దళితవాడలో బోరు ఎండిపోతే విలేకరికి రాసిచ్చినా. "యాడ్ ఏమన్నా ఇప్పిస్తే చూద్దాం సార్" అన్నాడు. ఆయన్ను తిట్టబుద్ధి కాలేదు. యాడ్ కమీషనే ఆయనకు కూడు. ఆ కాడి ఆయన మెడమీద పెట్టినోళ్ళు పట్నంలో ఉన్నారు. బోరు వార్త మాత్రం రాలేదు.

అందుకే పిల్లోళ్ళకు చదవడం నేర్పి ఊరుకుంటే చాలదనుకుంటున్నా. ఈ వార్తకు ఎవరు దుడ్లిచ్చినారు, మన గేరి సంగతి ఏ పేజీలో ఉంది అని అడగడం కూడా నేర్పాల. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు పెట్టే చిన్న పత్రికల్లోనైనా దుడ్లు తీసుకుని వేసినదాని కింద ఆ మాట రాయండి.